గోదావరి వరద: ఏటిగట్టు ఎత్తు పెంచితే భయం తీరినట్టేనా?

మీ తాతగారి ఊరు కోనసీమలో, వశిష్ఠ గోదావరి ఏటిగట్టుకు దగ్గర్లోనే ఉందన్నారు. పాత పెంకుటిల్లు తీసేసి కొత్త ఇల్లు కట్టాలనుకుంటున్నారు. "కాటన్ దొర కాలం నుంచీ గట్లున్నాయి, 2006 తర్వాత ఇంకా పెంచారు, పోలవరం కూడా వస్తోంది, ఇక వరద భయం లేనట్టేనా? ఇన్ని గట్లుండి కూడా అన్నిసార్లు ఎందుకు తెగాయి?" అని అడిగారు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇరిగేషన్‌లో గట్ల పనులమీదే గడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

భయం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎందుకంటే గట్టు గురించి అందరూ అడిగేది ఎత్తు ఎంత అని. గట్టు తెగేది మాత్రం చాలాసార్లు ఎత్తు చాలక కాదు. 2006 ఆగస్టునే చూడండి. ధవళేశ్వరం దగ్గర ఆ ఏడు వచ్చింది 28.5 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). అంతకు ఇరవై ఏళ్ళ ముందు 1986లో వచ్చింది 35 లక్షలు. అంటే ఆరున్నర లక్షల క్యూసెక్కులు తక్కువ. అయినా అయినవిల్లి మండలం శానపల్లిలంక దగ్గర, పి.గన్నవరం వైపు మొండెపులంక దగ్గర గండ్లు పడి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అంతకంటే పెద్ద వరదను చూసిన గట్లు చిన్న వరదకు ఎందుకు లొంగాయన్నదే అసలు ప్రశ్న. అక్కడికి రావాలంటే ముందు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియాలి.

గోదారి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, అందుకని వరద కూడా అక్కడినుంచే వస్తుందనుకుంటారు చాలామంది. నాసిక్‌లో గుళ్ళు మునిగాయని టీవీలో చూసి ఇక్కడ టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఆ నీళ్ళు జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ దాటుకుని మనదాకా వచ్చేసరికి వాటి బలం చాలావరకు పోతుంది. మన వరదను తెచ్చేది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. విదర్భ, మధ్యప్రదేశ్‌ల వాన నీళ్ళను చాలావరకు వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా మోసుకొచ్చి ప్రాణహితగా మార్చి కాళేశ్వరం దగ్గర గోదారిలో పోస్తాయి. గోదావరి పరీవాహకం మొత్తం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లయితే ప్రాణహిత ఒక్కదానిదే 1.09 లక్షలు, అంటే మూడోవంతు పైన. ఆ తర్వాత బస్తర్ అడవుల మీదుగా ఇంద్రావతి, ఒడిశా కొండల నుంచి సీలేరును కలుపుకుని శబరి. బంగాళాఖాతంలో వాయుగుండం లేచి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్, విదర్భల వైపు నెమ్మదిగా కదిలిందంటే ఈ మూడు నదుల మీదా వరసగా వాన పడుతుంది. అలా కదిలేది ఎక్కువగా ఆగస్టులోనే. మూడింటి పోటూ ఒకేసారి కలిసిన ఏడు మనకు పెద్ద వరద.

పైన ఎక్కడైనా డ్యాం కట్టి ఆపేయొచ్చు కదా అంటారు. లెక్క వేసి చూడండి. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 35 లక్షలంటే ఒక్క రోజుకు 300 టీఎంసీలు పైన. శ్రీరాంసాగర్‌కు మొదట కట్టినప్పుడున్న సామర్థ్యం 112 టీఎంసీలు, పూడిక వల్ల ఇప్పుడు ఇంకా తక్కువ. అలాంటివి రెండు ఖాళీగా నిలబెట్టినా ఒక్క రోజు వరదను పట్టవు. మేడిగడ్డ లాంటి బ్యారేజీలు వరదను ఆపేవి కావు, గేట్లెత్తి వదిలేసేవి. 2022 జూలైలో మేడిగడ్డ ఉన్న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం తాలూకు కన్నేపల్లి పంపుహౌసే వరదలో మునిగింది.

ఇక పాపికొండల సంగతి. పడవలో వెళ్ళినవాళ్ళందరూ ఫొటోలు దిగుతారు గానీ, డెల్టాకు ఆ ఇరుకు చేసే మేలు ఎవరూ చెప్పరు. కొండల మధ్య గోదారి కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. రాజమండ్రి దగ్గర అదే నది మూడు కిలోమీటర్ల వెడల్పు. పెద్ద వరద వచ్చినప్పుడు ఆ ఇరుకులో నీళ్ళు ఒక్కసారిగా దిగలేక వెనక్కి నిలుస్తాయి. అందువల్ల మనకు పోటు కాస్త ఆలస్యంగా, కాస్త చదునుగా చేరుతుంది. కానీ నిలిచిన ఆ నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి? కూనవరం, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్ళమీద. గోదారి నిండుగా ఉన్నప్పుడు కూనవరం దగ్గర శబరి దిగలేక ఎగదన్ని చింతూరు దాకా ముంచుతుంది. మనకు మేలు చేసే ఇరుకే అక్కడివాళ్ళకు ఏటేటా ముంపు.

ఇప్పుడు గట్ల చరిత్ర. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట వరద ఆపడానికి కట్టింది కాదు. 1833 నాటి డొక్కల కరువు, ఆ తర్వాతి తుపానులు జిల్లాను ఖాళీ చేశాక, సాగునీటికోసం కట్టింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, నది మధ్య దిబ్బలైన లంకలను ఆసరా చేసుకుని లేపిన పొట్టి అడ్డుగోడ అది. మామూలు రోజుల్లో నీళ్ళను కాలువల్లోకి మళ్ళిస్తుంది, వరదొస్తే నీళ్ళు దానిమీదనుంచి దూకి పోతాయి. వరదకు సంబంధించి అది చేసింది వేరే. కాలువలొచ్చి మెట్ట మాగాణి అయ్యాక, ఆ నేలను నది తిరగడానికి వదిలిపెట్టడం ఇక కుదరని పని. పంట విలువ పెరిగినకొద్దీ గట్టు అవసరం పెరిగింది. గట్ల మధ్య నదిలో ఎవరుపడితే వారు లంకల్లో అడ్డాలు వెయ్యకుండా 1884లో మద్రాసు ప్రభుత్వం నదుల సంరక్షణ చట్టం చేసింది. లంక భూముల్లో ఏం వెయ్యాలన్నా, ఏం కట్టాలన్నా అనుమతి కావాలనేది ఆనాటి మాట. ఇప్పుడు లంకల్లో ఇటుక బట్టీలు చూస్తే ఆ చట్టం రాసినవాళ్ళు ఏమనుకుంటారో.

1953 ఆగస్టు వరద ఈ కథలో మొదటి మలుపు. ఇంకో నెలన్నరలో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడబోతోంది, ఆ హడావుడిలో ఉండగా గోదారి వచ్చి పడింది. భద్రాచలం దగ్గర 72.5 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 30 లక్షల క్యూసెక్కులు. డెల్టాలో గట్లు పలుచోట్ల తెగాయి. ఆ తర్వాత గట్లన్నిటినీ 1953 మట్టాన్ని కొలబద్దగా పెట్టుకుని లేపారు. ఇక ఇంతకంటే పెద్ద వరద రాదన్నది అప్పటి ధీమా. 1970ల్లో పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజీ పని మొదలై 1982 నాటికి పూర్తయింది. వరద వేళ గేట్లన్నీ నీటిమట్టం పైకి ఎత్తేస్తారు కాబట్టి దాన్ని కూడా వరద ఆపేదిగా లెక్కవేసుకోకూడదు.

సరిగ్గా నాలుగేళ్ళకు 1986 ఆగస్టు 16. భద్రాచలంలో 75.6 అడుగులు, ఈనాటికీ అదే రికార్డు. అక్కడ 27 లక్షల క్యూసెక్కులుంటే, శబరి, దారిలో వాగులు కలిసి ధవళేశ్వరం వచ్చేసరికి 35 లక్షలు దాటింది. 1953 కొలబద్ద పనికిరాకుండా పోయింది. అప్పటికి నేను కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీరుని. వైర్‌లెస్‌లో భద్రాచలం మట్టం గంటగంటకూ వినిపిస్తుంటే, పెద్దవాళ్ళు అంకె రాసుకుని మాట్లాడకుండా ఊరుకునేవారు. గట్టుమీద ఇసుక బస్తాలు పేర్చి రాత్రంతా కాపు కాశాం. కొన్నిచోట్ల నీళ్ళు గట్టు పైనుంచే పొర్లాయి. అలా పొర్లినచోట మట్టి గట్టు ఎంతోసేపు నిలవదు, ఊరి వైపు వాలును కోసేసుకుంటూ గండి పడుతుంది. ఆ ఏడు పడినవాటిలో చాలావాటికి ఎత్తు చాలకపోవడమే కారణం. అందుకే ఇప్పటికీ గట్టు అనగానే అందరికీ ఎత్తే గుర్తొస్తుంది.

1986 తర్వాత మళ్ళీ పనులు మొదలయ్యాయి గానీ, ఐదు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న గట్లు ఒక్కసారి పూర్తి కావు. బడ్జెట్ వచ్చిన మేరకు ముక్కలు ముక్కలుగా చేసుకుంటూ పోయాం. 1990లో భద్రాచలంలో 70.8 అడుగులు వచ్చింది. ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు ఆ స్థాయి వరద రాలేదు. గట్లకు చెడు జరిగేది అప్పుడే. నిధులు పక్కకు పోతాయి, గట్టు కాపలా చూసే లస్కర్ల పోస్టులు ఖాళీ అవుతాయి, గట్టు వాలు మీద పశువుల పాకలు, గడ్డివాములు, ఆ తర్వాత ఇళ్ళు లేస్తాయి.

2006 గండ్లను నేను ఆ పదిహేనేళ్ళ ఫలితంగానే చూస్తాను. పోతే గట్టు ఎలా తెగుతుందో ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, మీరు ఇల్లు కట్టుకునే చోటుకు ఇదే ముఖ్యం.

డెల్టా నేల ఎలా ఉంటుందో గమనించారా? మిగతా చోట్ల నది పల్లంలో ఉంటుంది, పొలాలు ఎత్తున ఉంటాయి. డెల్టాలో అందుకు తారుమారు. వేల ఏళ్ళుగా వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు ముందు ఒడ్డునే పడి పడి ఒడ్డు ఎత్తయింది, లోపలికి పోయేకొద్దీ పల్లం. వరదలో నది నీటిమట్టం మీ ఊరి నేలకంటే పది, పదిహేను అడుగులు పైన ఉంటుంది. ఆ నీటి బరువంతా గట్టును నెట్టడంతోపాటు గట్టు కింద నేలలోంచి దారి వెతుక్కుంటుంది. పాత పాయలు పూడినచోట కింద ఇసుక పొర ఉంటుంది. నీళ్ళు ఆ ఇసుకలోంచి నడిచి గట్టుకు ఊరి వైపు అడుగున, ఒక్కోసారి ఇంకా కొంచెం దూరాన పొలంలో బుడగలు కక్కుతూ పైకొస్తాయి. దీన్నే ఊట అంటాం. పైకొచ్చే నీళ్ళు తేటగా ఉన్నంతవరకు వెంటనే ప్రమాదం లేదు, కనిపెట్టి చూస్తుండాలి. మట్టిరంగులో వస్తూ చుట్టూ ఇసుక కుప్ప పేరుకుంటోందంటే గట్టు కింద మన్ను బయటికి కొట్టుకొస్తున్నట్టు. కింద ఖాళీ ఏర్పడుతుంది, పైన గట్టు చూడ్డానికి చెక్కుచెదరకుండా ఉంటుంది, ఉన్నట్టుండి కుంగిపోతుంది.

ఊట కనిపించగానే ఊళ్ళోవాళ్ళు చేసే మొదటి పని దానిమీద బస్తాలు వేసి మూసెయ్యడం. అది ఎంతమాత్రం పనికిరాదు. అక్కడ మూస్తే పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. దాని చుట్టూ బస్తాలతో బావి అరుగులా గుండ్రంగా కట్టాలి. లోపల నీళ్ళు లేచి నిలిచాక ఆ బరువు కింద నుంచి వచ్చే వేగాన్ని తగ్గిస్తుంది. నీళ్ళు తేరుకున్నాయా లేదా చూసుకుంటూ ఎత్తు పెంచాలి. కంకర, ముతక ఇసుక అందుబాటులో ఉంటే లోపల పొరలుగా వెయ్యాలి. నీళ్ళు పోవాలి, మన్ను ఆగాలి, అంతే దాని సూత్రం.

ఊట కాకపోతే స్లూయిజులు. ఊళ్ళో మురుగు, పొలాల నీళ్ళు నదిలోకి పోవడానికి గట్టు కింద తూములుంటాయి. కట్టడానికీ మట్టికీ మధ్య అతుకు ఎప్పుడూ బలహీనమే. షట్టర్ తుప్పుపట్టి సగం దిగి ఆగిపోయిందంటే, గట్టు ఎంత ఎత్తున్నా నది ఆ కన్నంలోంచే ఊళ్ళోకి వస్తుంది. షట్టర్‌కు మే నెలలో గ్రీజు పూశారా లేదా అన్నది ఆగస్టులో తెలుస్తుంది. పందికొక్కులు, ఎలుకలు తవ్విన బొరియలు మామూలు రోజుల్లో కనిపించవు, తుప్పలు పెరిగితే అసలే కనిపించవు. నల్లమట్టితో కట్టిన గట్టు ఎండల్లో నెర్రెలు విచ్చుతుంది. ఇసుక లారీలు దిగడానికి గట్టును అడ్డంగా కోసి బాట వేస్తారు, వానాకాలానికి ముందు పూడుస్తామని చెప్తారు. పూడ్చినా దిమ్మిసా వెయ్యని వదులు మన్నే. ఒకచోట గట్టు పెంచే పనికి కాంట్రాక్టరు ఆ గట్టు పాదం దగ్గరే మట్టి తవ్వి పైన పోస్తుంటే పట్టుకున్నాం. కొలత పుస్తకంలో ఎత్తు సరిపోతుంది, గట్టు బలం మాత్రం ముందుకంటే తగ్గుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గట్లకు ప్రమాదం వరద ఎక్కేటప్పుడు మాత్రమే కాదు, తీసేటప్పుడు కూడా ఉంటుంది. రోజుల తరబడి నానిన గట్టులో నీళ్ళు నిండి ఉంటాయి. నది మట్టం గబగబా దిగితే లోపలి నీళ్ళు అంత తొందరగా దిగవు, నది వైపు వాలు ముద్దలు ముద్దలుగా జారిపోతుంది. పోటు తగ్గిందనగానే కాపలా వాళ్ళంతా ఇళ్ళకు పోతారు. నేను పనిచేసినన్నాళ్ళూ మా వాళ్ళకు చెప్పింది ఒకటే, ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక తీసేదాకా గట్టు దిగొద్దని.

గండి పడ్డాక ఏమవుతుందో చెప్తే మీ ఇంటి సంగతి తేలుతుంది. నేల లోపలికి పల్లం కాబట్టి వచ్చిన నీళ్ళు తిరిగి నదిలోకి పోవు. డ్రెయిన్లలో పడి సముద్రం వైపు పోవాలి. ఆ డ్రెయిన్ల మొగల దగ్గర పోటు సమయంలో సముద్రం ఎదురుతన్నుతుంది, స్లూయిజులు మూసి ఉంటాయి. అందుకే గండి నీళ్ళు గంటల్లో వచ్చి రోజుల తరబడి నిలుస్తాయి. గోదారిలో వరద తగ్గిపోయాక కూడా వరిచేలు, కొబ్బరితోటలు నీళ్ళలోనే ఉంటాయి. కాలవల కింద మాగాణి ఎక్కువై డ్రెయిన్లు చాలక ముంపు వస్తోందని 1960ల్లోనే మిత్రా కమిటీ వేసి చూశారు. డ్రెయిన్ల పూడిక, గుర్రపు డెక్క సమస్య ఇప్పటికీ అలాగే ఉంది. నవంబరు తుపాను వానలకు కోనసీమ మునిగేది ఎక్కువగా ఈ కారణంతోనే, దానికీ గోదారి వరదకూ సంబంధం లేదు.

2006 తర్వాత పెద్దఎత్తున గట్ల ఆధునికీకరణ చేపట్టారు. ఈసారి 1986 మట్టాన్ని ప్రమాణంగా తీసుకుని ఎత్తు, పై వెడల్పు రెండూ పెంచారు, కొన్నిచోట్ల వాలు కోతపడకుండా రాతి రివిట్‌మెంటు వేశారు, పైన రోడ్లు వేశారు. దాని పరీక్ష 2022 జూలైలో జరిగింది. పెద్ద వరదలు ఆగస్టువే అనుకునేవాళ్ళం, ఆ ఏడు నెల ముందే వచ్చింది. ఎగువన కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్ళు పొర్లాయి. జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు. ధవళేశ్వరంలో 25 లక్షల పైచిలుకు. కొన్నిచోట్ల జనం రాత్రంతా నిలబడి బస్తాలు వేసి కాపాడుకున్నారు గానీ 2006లా గండి పడి గట్టు లోపలి ఊళ్ళు కొట్టుకుపోలేదు. రోడ్డు ఉండబట్టి లారీలు గట్టుమీదుగా బస్తాలు తెచ్చి పొయ్యగలిగాయి. గట్టుమీద రోడ్డు వేస్తే గట్టు పాడవుతుందని మాలో కొందరు వాదించేవారు. వరదరోజు చూస్తే రోడ్డు ఉండటమే మేలని నాకు అనిపించింది.

అయితే ఇందులో లెక్కకు రానివాళ్ళు ఉన్నారు. గట్టుకు అవతల, అంటే ఏటి వైపు లంకల్లో ఉండేవాళ్ళు. పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు, ముమ్మిడివరం, ఐ.పోలవరం మండలాల్లో, అటు యలమంచిలి వైపు కనకాయలంకలో ఉన్నవాళ్ళకు ఏ గట్టూ లేదు. రెండో హెచ్చరిక వచ్చేసరికే కాజ్‌వేలు మునిగి పడవ ఒక్కటే దారి. మనం గట్టు ఎంత ఎత్తు లేపితే నది అంత సన్నని దారిలో బిగుసుకుంటుంది, వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు అంత పైకి లేస్తాయి. పూర్వం డెల్టా అంతా పరుచుకున్న నీళ్ళే ఇప్పుడు వాళ్ళ వాకిళ్ళలో నిలుస్తున్నాయి. గట్టు వరదను తగ్గించదు, ఎవరిమీద పడాలో నిర్ణయిస్తుంది. 2022లో గట్లు నిలిచాయని మేము ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు లంకల్లో అరటి, కూరగాయల తోటలు రోజుల తరబడి నీళ్ళలో కుళ్ళాయి. నది కోతకు ఎకరాలకు ఎకరాలు పోతున్నది కూడా వాళ్ళవే. ఆ కోత గట్టు దాకా వచ్చాకే మాకు గ్రోయిన్లకు, అంటే ఒడ్డు కోతను ఆపే అడ్డుకట్టలకు నిధులొస్తాయి.

భద్రాచలం కరకట్టదీ ఇలాంటి కథే. 1986లో ఊరు మునిగాక కట్టారు, ఊరిని నది నుంచి కాపాడుతోంది, కాదనను. కానీ ఊళ్ళో కురిసిన వాన, మురుగు పోయే స్లూయిజులను వరదలో మూసెయ్యాలి, లేకపోతే నది లోపలికి వస్తుంది. మూస్తే ఊరి నీళ్ళు కరకట్ట లోపలే ఆగుతాయి. మోటార్లు పెట్టి తోడి పోస్తారు, మోటార్లు చాలకపోతే గుడి దగ్గర లోతట్టు వీధులు మునుగుతాయి. గట్టు కట్టిన ప్రతి ఊరికీ ఈ పంపుల ఖర్చు గట్టుతో పాటే లెక్కలో ఉండాలి.

ఇక పోలవరం. దాని స్పిల్‌వేకు 48 గేట్లు, 50 లక్షల క్యూసెక్కులు వదలగలిగేలా రూపొందించారు. మొదట అనుకున్నది 36 లక్షలే. 1986లో 35 లక్షలు చూశాక ఆ అంకె మీద ఎవరికి ధైర్యం ఉంటుంది? ఈ 50 లక్షలు డ్యామును కాపాడుకోవడానికి, డెల్టాను కాపాడటానికి కాదు. పూర్తి మట్టానికి 194 టీఎంసీల జలాశయం, అది కూడా సాగునీటికి నింపి పెట్టుకునేది. వరద వేళ వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. చిన్న, మధ్యరకం వరదల్లో పోటును కొన్ని గంటలు సర్దుబాటు చేయవచ్చు, ఎంత నీరు ఎప్పుడు వస్తుందో మనకు ముందే స్పష్టంగా తెలుస్తుంది. అంతవరకే. 1986 లాంటిది వస్తే మీ గట్టు మీద పడే నీళ్ళు దాదాపు అవే.

2022లో భద్రాచలం మట్టం పెరగడానికి పోలవరమే కారణమని తెలంగాణ వైపు నుంచి, కాదని ఆంధ్ర వైపు నుంచి వాదన నడిచింది. నేను దీంట్లోకి పూర్తిగా దిగను. ఒకటి మాత్రం చెప్తాను. 1953లో ఏ డ్యామూ లేకుండానే భద్రాచలం 72.5 చూసింది, పాపికొండల ఇరుకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అలాగని జలాశయం నిండాక కూనవరం, చింతూరు వైపు ముంపు ఇప్పటిలాగే ఉంటుందంటే కూడా నేను ఒప్పుకోను. అక్కడివాళ్ళకు పునరావాసం పూర్తికాకుండా నీళ్ళు నిలపకూడదన్నది నా అభిప్రాయం.

మీ ఇంటి విషయానికి వస్తే, స్థలం గట్టుకు ఏ వైపు ఉందో ముందు రూఢి చేసుకోండి. ఏటి వైపు అయితే కట్టకండి, చవకగా దొరికిందని అసలు ఆలోచించకండి. ఊరి వైపే అయితే గట్టు పాదం నుంచి వీలైనంత దూరం జరగండి. సెప్టిక్ ట్యాంకు గొయ్యి, చేపల చెరువు, నూతి లాంటివి గట్టు పాదం దగ్గర తవ్వించకండి, పక్కవాళ్ళు తవ్వుతుంటే చూస్తూ ఊరుకోకండి. పైన ఉన్న జిగటమట్టి పొరే ఊటను అణిచి ఉంచేది, దాన్ని తవ్వితే కింద ఇసుకకు దారి తెరిచినట్టే. ఊళ్ళో పెద్దవాళ్ళను 1986లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో అడగండి, గోడమీద గీత చూపించేవాళ్ళు ఇంకా ఉంటారు. మీ ఊరికి ఎగువన పాత గండ్లు ఎక్కడ పడ్డాయో కూడా అడగండి. గండి పూడ్చినచోట కింద లోతుగా కోసిన గుంట ఉంటుంది, అక్కడ ఊట ఎక్కువ. పునాది మట్టం ఆ గీతకు పైన పెట్టుకోండి. అంత ఖర్చు కుదరకపోతే కనీసం కరెంటు బోర్డు, ధాన్యం గది, కాగితాల బీరువా ఆ గీతకు పైన ఉండేలా చూసుకుని మేడమీదకు మెట్లు తప్పకుండా పెట్టించుకోండి.

వరదరోజుల్లో ఫోన్లో వచ్చే ప్రతి వీడియోకూ కంగారు పడకుండా రెండు అంకెలు చూడండి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులు, అంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలం పోటు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, అక్కడినుంచి మీ ఊరికి ఇంకొన్ని గంటలు. కూనవరం దగ్గర శబరి ఎంత ఉందో కూడా చూడాలి, 1986లో తేడా తెచ్చిన వాటిలో అదొకటి. అమావాస్య, పౌర్ణమి రోజులైతే అంతర్వేది దగ్గర సముద్రపు పోటుకు మీ దగ్గర నీళ్ళు మెల్లగా దిగుతాయి. భద్రాచలంలో 60 దాటి ఇంకా ఎక్కుతోందంటే ముసలివాళ్ళనూ పశువులనూ పగలు వెలుతురు ఉండగానే పంపించెయ్యండి, ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక కోసం ఆగొద్దు. గట్టు మీదికి వెళ్ళి నీళ్ళు ఎంతెత్తున ఉన్నాయో అందరూ చూస్తారు. మీరు మాత్రం గట్టు దిగి ఊరి వైపు పాదం వెంబడి నడిచి, ఎక్కడైనా మట్టినీళ్ళ ఊట ఉందేమో చూసి, కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టి ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుకు వెంటనే ఫోన్ చెయ్యండి.